వ్యూఫైండర్‌లో నలుసు కనిపించిందని కెమెరాని క్లీనింగ్‌కి ఇస్తున్నారా? ఆగండి

పాత డీఎస్ఎల్ఆర్ కొన్నవాళ్లు, ఫోకసింగ్ స్క్రీన్ (వ్యూఫైండర్‌లో మనం చూసే బొమ్మ పడే చిన్న తెర) మార్పించాలనుకునేవాళ్లు షాపులో డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

నాది సెకండ్‌హ్యాండ్ కెనాన్ 6డీ. వ్యూఫైండర్‌లో నల్లచుక్కలు కనిపించేవి, ఆ స్క్రీన్ మీద పడ్డ నలుసులే. చేత్తో ఫోకస్ చేసే మాన్యువల్ లెన్సులు ఎక్కువ వాడతాను కాబట్టి స్ప్లిట్ ప్రిజం స్క్రీన్ (ఫోకస్ తప్పితే మధ్యలో బొమ్మ రెండు ముక్కలుగా, కుదిరితే ఒకటిగా కనిపించేది) వేయించి, కెమెరాతో వచ్చిన కంపెనీ స్క్రీన్ శుభ్రం చేయించి దాచుకుందామని హైదరాబాద్‌లో ఒక సర్వీసు షాపులో ఇచ్చాను. తిరిగొచ్చిన కంపెనీ స్క్రీన్ నిండా గీతలు, మధ్యలో తెల్లటి మరక. అడిగితే "లెన్స్ లిక్విడ్‌తోనే తుడిచాం సార్" అన్నారు.

లెన్సు గాజు. స్క్రీన్ మెత్తటి ప్లాస్టిక్, దాని మీద కంటికి ఆనని సన్నటి గాడులు. గుడ్డ రాస్తే గీత పడుతుంది, లిక్విడ్ గాడుల్లోకి దిగి మరకై కూర్చుంటుంది. ఇక పోదు. చేత్తో నొక్కే బ్లోయర్‌తో గాలి కొట్టడం తప్ప దానికి ఇంకేమీ చేయకూడదు. అసలు ఆ చుక్కలు ఫొటోలో పడనే పడవు. క్లిక్ కొట్టగానే అద్దం పైకి లేస్తుంది, వెలుగు నేరుగా సెన్సర్ మీదికి వెళుతుంది, స్క్రీన్‌కి అక్కడ పనే లేదు. ఎఫ్/16లో తెల్లగోడని ఫొటో తీసి చూడండి. అందులో మచ్చ లేకపోతే ఆ నలుసుని అలాగే వదిలేయండి.

కొత్త స్క్రీన్‌తో ఇంకో తలనొప్పి. లెన్సు నుంచి సెన్సర్‌కి ఎంత దూరమో, అద్దం మీదుగా స్క్రీన్‌కీ సరిగ్గా అంతే ఉండాలి. దానికోసం లోపల షిమ్‌లు అనే పలచటి రేకులు ఉంటాయి. బయటి కంపెనీల స్క్రీన్ మందం కాస్త తేడా ఉన్నా ఫోకస్ తప్పుతుంది. షాపువాళ్లు ఆటోఫోకస్ లెన్సుతో ఫొటో తీసి, షార్ప్‌గా ఉంది చూడండి అన్నారు. ఆటోఫోకస్ సెన్సర్ అద్దం కింద వేరే ఉంటుంది, దానికీ స్క్రీన్‌కీ సంబంధం లేదు. ఇంటికొచ్చి 50 ఎంఎం ఎఫ్/1.4తో కళ్ల మీద ఫోకస్ పెడితే చెవులు షార్ప్‌గా వచ్చాయి! షాపువాళ్లు డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు.

కిట్ లెన్సులు వాడేవాళ్లకైతే స్ప్లిట్ ప్రిజం దండగ. ఎఫ్/5.6 దగ్గర అందులో సగం నల్లబడిపోతుంది, స్పాట్ మీటరింగ్ (మధ్యలో చిన్న చోటులోనే వెలుగు కొలవడం) కూడా తేడా కొట్టొచ్చు. 6డీకి కెనాన్ వాళ్లదే ఈజీ-ఎస్ అనే స్క్రీన్ ఉంది. ఎఫ్/2.8, అంతకన్నా వెలుగున్న లెన్సులకి అది చాలా బాగుంటుంది. వేశాక కస్టమ్ ఫంక్షన్లలో స్క్రీన్ పేరు మార్చాలి, లేకపోతే ఎక్స్‌పోజర్ తప్పుతుంది. 5డీ మార్క్ 3 లాంటి వాటిలో స్క్రీన్ మార్చుకునే వీలు కంపెనీయే ఇవ్వలేదు, అలాంటి బాడీకి ఎవరైనా వేస్తామంటే ఒప్పుకోకండి.

షాపుకి వెళ్లేటప్పుడు మీ మాన్యువల్ లెన్సు తీసుకెళ్లండి. ట్రైపాడ్ మీద పెట్టి వ్యూఫైండర్‌లో ఫోకస్ చేసి, లెన్సు కదపకుండా లైవ్ వ్యూలో (సెన్సర్ మీద పడేది కెమెరా వెనక డిస్‌ప్లేలో కనిపించేది) 10 రెట్లు పెద్దది చేసి చూడండి. రెండూ కలిస్తేనే డబ్బు ఇవ్వండి. బ్లోయర్ తప్ప లిక్విడ్ వాడకూడదని రసీదు మీద ముందే రాయించుకోండి.