పుట్టుకతోనే సింగిల్ యాక్షన్: వెబ్లీ అండ్ స్కాట్ .32 పిస్తోలు, దీర్ఘకాలం వాడిన తర్వాత సమీక్ష

లైసెన్సు మీద పాత పిస్తోలు ఉంచుకున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. తమ దగ్గరున్న డబుల్ యాక్షన్ పిస్తోలును సింగిల్ యాక్షన్‌గా మార్పించుకోవచ్చునా అని. ట్రిగ్గర్ నొక్కుడే హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని, లేపి వదిలేది డబుల్ యాక్షన్. ముందే ఎత్తి ఉన్న హ్యామర్‌ను వదలడం మాత్రమే చేసేది సింగిల్ యాక్షన్. మార్పించవద్దు, మొదటినుంచీ సింగిల్ యాక్షన్‌గానే తయారైన దాన్ని వెతికి కొనుక్కోండి అన్నదే నా సమాధానం. వాల్తర్ పీపీని చాలాకాలం వాడి, దాన్ని చట్టప్రకారం బదిలీ చేసి, వెబ్లీ అండ్ స్కాట్ .32 తీసుకుని ఏళ్ల తరబడి వాడుతున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

ముందుగా వాల్తర్ పీపీ సంగతి. 1929లో జర్మనీలో వచ్చిన ఈ పిస్తోలు ఆనాటికి గొప్ప ముందడుగు. హ్యామర్ కిందికి దిగి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే, ఆ ఒక్క నొక్కుడే హ్యామర్‌ను వెనక్కి లేపి, మళ్లీ వదిలిపెడుతుంది. అందువల్ల మొదటి తూటాకు ట్రిగ్గర్ బరువుగా, పొడుగ్గా లాగవలసి వస్తుంది. ఆ తూటా పేలినప్పుడు పిస్తోలు పైన జారే భాగమైన స్లైడ్ వెనక్కి వెళ్లి హ్యామర్‌ను ఎత్తి పెడుతుంది కాబట్టి రెండో తూటా నుంచి ట్రిగ్గర్ తేలికగా, పొట్టిగా ఉంటుంది. మా నాన్నగారు 1970లలో అనుమతి తీసుకుని కొన్న ఆ పీపీ నా పేరు మీదికి వచ్చాక, రేంజిలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఈ రెండు రకాల నొక్కుడే. మొదటి గుండు ఒకచోట పడితే తక్కినవన్నీ మరోచోట గుంపుగా పడేవి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. తూటాలు నింపిన మ్యాగజైన్ పెట్టి స్లైడ్ లాగి వదిలితే పీపీలో హ్యామర్ ఎత్తిన స్థితిలోనే ఉంటుంది. సేఫ్టీ మీటతో దాన్ని దించితే తప్ప మొదటి తూటా కూడా సింగిల్ యాక్షన్‌లోనే పేలుతుంది. దించిన తర్వాత కూడా బొటనవేలితో హ్యామర్‌ను వెనక్కి ఎత్తుకోవచ్చు. అంటే రేంజి అవసరానికి మార్పిడి అక్కరే లేదు. చాలామంది ఈ చిన్న సంగతి గమనించకుండానే మరమ్మతుదారుల దగ్గరికి పరుగులు తీస్తారు. అయినా నా అసంతృప్తి పూర్తిగా తీరలేదు. రెండు పనులకూ పనికివచ్చేలా అమర్చిన ట్రిగ్గర్, హ్యామర్ ఎత్తినప్పుడు చాలా వెనక్కి జరిగి, కొంత వదులుగా కదిలిన తర్వాతే గట్టి అంచు తగులుతుంది. పైగా గొట్టం వెనుక చాంబరులో తూటా ఉండగా సేఫ్టీ మీటతో హ్యామర్‌ను దించే పని అరిగిపోయిన పాత పీపీలలో ప్రమాదకరమని తెలిసినవారు చెబుతారు. నేను ఆ పని ఎన్నడూ చేయలేదు, ఎవరినీ చేయమనను.

మార్పిడి సంగతి అడగడానికి చెన్నైలో లైసెన్సు ఉన్న ఒక మరమ్మతుదారు దగ్గరికి వెళ్లాను. వయసు మీద పడినా చేతి పని చెదరని మనిషి. ఆయన పీపీ పిడి పలకలు విప్పి, ట్రిగ్గర్ నుంచి హ్యామర్ దాకా పోయే సన్నని ఉక్కు కడ్డీని నాకు చూపించాడు. హ్యామర్‌ను లేపేదీ, వదిలేదీ, సేఫ్టీతో ముడిపడినదీ ఆ ఒక్క వరుసే. “బాబూ, ఇందులో ఒకదాన్ని రాకితే రెండోది నమ్మకం పోతుంది. మీ నాన్నగారి వస్తువును అలాగే ఉండనీయండి” అన్నాడు. ఆయన మాట నాకు నచ్చింది. చట్టం కూడా అదే చెబుతుంది. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీ, మార్పిడి, మరమ్మతు అందుకు లైసెన్సు పొందినవారే చేయాలి. ఇంట్లో ఆకురాయి పట్టుకుని చేయదగిన పని కాదు.

కర్మాగారాలే ఇలాంటి మార్పు చేసిన సందర్భాలు లేకపోలేదు. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ సంస్థ తన డబుల్ యాక్షన్ మోడల్ 39ను ఆధారం చేసుకుని 1961లో మోడల్ 52 అనే గురి పిస్తోలును తెచ్చింది. తొలి విడతలో డబుల్ యాక్షన్ పనిచేయకుండా ఒక స్క్రూతో అడ్డగించారు. కొద్దికాలానికే ఆ ఉపాయం మాని లోపలి అమరికనే సింగిల్ యాక్షన్‌గా మార్చారు. పిస్తోలును తయారుచేసిన వాళ్లకే స్క్రూ సరిపోనప్పుడు వీధిలోని మెకానిక్ పని ఎంతవరకు నిలుస్తుందో పాఠకులే ఆలోచించవచ్చు.

సింగిల్ యాక్షన్ పిస్తోలు అనగానే అందరికీ 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్ గుర్తుకొస్తుంది. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసిన 9 ఎం.ఎం. పిస్తోలు దాని రూపమే. పోలీసుల నడుముకు వేలాడుతూ కనిపించే ఆ బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, సాధారణ లైసెన్సుదారుకు అందదు. మనకు ఎక్కువగా దొరికేది .32. ఈ తూటాలో మంచి పాత సింగిల్ యాక్షన్లు మూడు నాకు చూడటానికి దొరికాయి. కోల్ట్ 1903 బ్రౌనింగ్ రూపకల్పన. చేతిలో సుఖంగా ఒదుగుతుంది, పిడి వెనుక కూడా సేఫ్టీ ఉంటుంది. అయితే హ్యామర్ స్లైడ్ లోపల దాగి ఉంటుంది. బెల్జియం సంస్థ ఎఫ్.ఎన్. వారి 1910 మరింత పొందికైనది. దానిలో హ్యామర్ అనేదే లేదు, లోపల స్ప్రింగుతో ముందుకు దూకే సూది ఉంటుంది. పిస్తోలు ఏ స్థితిలో ఉందో కంటితో చూసి తెలుసుకోవాలన్నది నా పట్టుదల. అందుకే హ్యామర్ బయటికి కనిపించే వెబ్లీని ఎంచుకున్నాను.

ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో తయారైన ఈ పిస్తోలును 1911లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు స్వీకరించారు. మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి. బరువు సుమారు 570 గ్రాములు. బ్రిటిషు కాలంలో మన దేశానికి వచ్చినవి ఇప్పటికీ చేతులు మారుతూ కనిపిస్తాయి. కొనేటప్పుడు తొందరపడకూడదు. నాకు మొదట చూపించిన పిస్తోలు నిగనిగలాడుతూ ఉంది కానీ కొత్తగా పూసిన నలుపు కింద నంబరు అంచులు కరిగిపోయి ఉన్నాయి. ఆ డీలరు నంబరును లైసెన్సు కాగితంతో పోల్చి చూడనీయడానికి ఇష్టపడలేదు. అక్కడినుంచి లేచి వచ్చేశాను. తర్వాత దొరికిన దాని నలుపు వెలిసిపోయింది గానీ నంబరు స్పష్టంగా ఉంది. ఖాళీ పిస్తోలులో హ్యామర్ ఎత్తి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో ముందుకు గట్టిగా తోస్తే కదలకూడదు. కదిలితే దాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ట్రిగ్గర్ గురించి నిజాయితీగా చెప్పాలి. వెబ్లీ ట్రిగ్గర్ మెత్తనిది కాదు. పీపీలో హ్యామర్ ఎత్తిన తర్వాతి నొక్కుడు దీనికంటే తేలిక. మధ్యలో కొద్దిపాటి గరుకుదనం కూడా వేలికి తెలుస్తుంది. అయినప్పటికీ మొదటి తూటాకూ చివరి తూటాకూ అదే దూరం, అదే బరువు, అదే చోట వదలడం. వేలికి ఒకసారి అలవాటైతే ఇక ఆలోచించనక్కర లేదు. ఈ ఒక్క గుణం వల్ల నా గుండ్ల గుంపు పీపీతో ఎన్నడూ రానంత దగ్గరికి వచ్చింది.

విప్పి శుభ్రం చేయడం కూడా నాకిష్టమైన పని. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఉక్కు కమానును చట్రం నుంచి లాగితే స్లైడ్, గొట్టం ముందుకు జారి వస్తాయి. స్లైడ్‌ను ముందుకు నెట్టే స్ప్రింగు మామూలు పిస్తోళ్లలో లాగా గొట్టం కిందో చుట్టూనో ఉండదు. పిడికి కుడివైపు పలక కింద, వంచిన పట్టీలాగా కూర్చుని ఉంటుంది. ఆ పలక విప్పి చూసినప్పుడల్లా ఆనాటి పనివాళ్ల ఆలోచనకు మనసు ఉప్పొంగుతుంది. దీని బలహీనత కూడా అదే. ఆ స్ప్రింగు విరిగితే కొత్తది దొరకడం కష్టం. ఊరికే మాటిమాటికీ స్లైడ్ లాగి ఆడించేవారి చేతికి ఈ పిస్తోలు ఇవ్వకూడదు.

మిగిలిన లోపాలు చెప్పుకోదగినవే. పిడి దాదాపు నిట్టనిలువుగా ఉండటం వల్ల చేయి చాపినప్పుడు గొట్టం సహజంగా కిందికి చూస్తుంది. గురి చూసే గుర్తులు చిన్నవి, నలభై దాటిన కళ్లకు సాయంత్రపు వెలుగులో అసలు ఆనవు. .32 తూటా అడుగున అంచు కాస్త బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండేలా చూడాలి. వెనకపడితే ఒకదానికొకటి చిక్కుకుని స్లైడ్ ఆగిపోతుంది. మన దేశంలో తయారయ్యే కె.ఎఫ్. తూటాలనే వాడుతున్నాను. ఈ జాగ్రత్త పాటించినంతకాలం అవి ఇబ్బంది పెట్టలేదు.

మా ఉలవపాడు వైపు మరో శత్రువుంది, సముద్రపు గాలి. రొయ్యల చెరువుల మీదుగా వచ్చే ఆ తడి గాలికి నలుపు వెలిసిన ఉక్కు వర్షాకాలంలో నాలుగు రోజులు వదిలేసినా ఎర్రబారుతుంది. తోలు ఒరలో పెట్టి దాచడం మరీ ప్రమాదం. తోలు తేమను పట్టి ఉంచి ఉక్కుకు అంటిస్తుంది. నేను పలుచగా నూనె రాసి, పాత నూలు గుడ్డలో చుట్టి, తేమ పీల్చే సిలికా సంచులతో ఇనుప పెట్టెలో ఉంచుతాను. పిడి పలకల కింద చెమట ఉప్పు చేరుతుంది కాబట్టి వేసవిలో వాటిని కూడా విప్పి తుడవాలి. 2024 ఎన్నికలప్పుడు అందరిలాగే ఠాణాలో అప్పగించాను. తిరిగి తీసుకునేనాటికి మ్యాగజైన్ పై అంచుల మీద తుప్పు చుక్కలు కనిపించాయి. అప్పగించే ముందు గొట్టం లోపల కూడా చిక్కని నూనె పట్టించి, రసీదులో పిస్తోలు స్థితి రాయించుకోవడం మంచిది.

కాగితాల విషయంలో ఒక సూచన. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలో కలిసినప్పుడు మా ఆయుధాల ఫైళ్లు ఒంగోలు నుంచి నెల్లూరు కలెక్టరేటుకు మారాయి. పాత చిరునామాతో ఉన్న లైసెన్సు మీద పిస్తోలు బదిలీ చేయించుకోబోయేవారు ముందుగా ఆ మార్పు నమోదైందో లేదో చూసుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. కాబట్టి వెబ్లీ కోసం పీపీని వదులుకోవాలా వద్దా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. నేను పీపీని దాని విలువ తెలిసిన, లైసెన్సు ఉన్న మా బంధువు పేరు మీదికి కలెక్టరు అనుమతితో మార్పించాను. లోపలి ఒక్క ముక్కకు కూడా ఆకురాయి తగలనీయకుండా, మా నాన్నగారు కొన్నది కొన్నట్టుగానే అప్పగించాను.