నిలువు మగ్గానికి ఇనుప దూలాలు, వార్మ్ గేరు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

తివాచీ మగ్గాన్ని బాగుచేసుకుంటామనగానే ఎవరైనా మొదట అడిగేది, "ముడులు తొందరగా వేసే మిషను ఏదైనా ఉందా" అని. మా షెడ్డులో కొన్నేళ్లుగా మార్చిన మగ్గాల మీదే రోజూ పని చేస్తున్నాం. ఈ అనుభవంతో నేను చెప్పేది ఒకటే. డబ్బు పెట్టాల్సింది పడుగు బిగువును పట్టి ఉంచే భాగాల మీద, అంటే దూలాల మీద, వాటిని తిప్పే గేరు మీద, అవి కూర్చునే బేరింగుల మీద. మిగతా సరంజామా ఏదైనా వీటి తర్వాతే.

మాది ఏలూరు. పర్షియా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళతో ఈ పని మొదలైందని పెద్దలు చెబుతారు. నూలు పడుగు మీద ఉన్ని ముడులు వేసే తివాచీలు మావి. ఈ పనికి నిలువు మగ్గం కావాలి. పైన ఒక దూలం, కింద ఒక దూలం, రెండు పక్కల నిటారు స్తంభాలు. రెండు దూలాల మధ్య పడుగు లాగి కడతాం. ఒక వరస ముడులు వేసి, పేక పోగు దాటించి, పంజాతో, అంటే దువ్వెన లాంటి చేతి పనిముట్టుతో, కొట్టి దింపుతాం. చూడటానికి ఇంత తేలికైన యంత్రం ఇంకొకటి ఉండదనిపిస్తుంది. కానీ ఆ రెండు దూలాల మీద పడే బరువు లెక్క వేస్తే తెలుస్తుంది దాని కష్టం. ఒక్కో ముడికి రెండు పడుగు పోగులు కావాలి, అంగుళానికి 9 ముడులనుకుంటే 18 పోగులు. ఆరడుగుల వెడల్పుకు 1,296 పోగులు. ఒక్కో పోగును అర కిలో బిగువుతో లాగినా మొత్తం 650 కిలోల దాకా వస్తుంది. అంత బరువును దూలం నెలల తరబడి రాత్రింబవళ్ళు మోస్తూనే ఉండాలి.

మా పాత దూలాలు టేకువి. మంచి టేకే. అయినా తొమ్మిదడుగుల మగ్గం మీద అవి మధ్యలో వంగేవి. పొడవు పెరిగితే వంపు అంతే నిష్పత్తిలో పెరగదు, నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అడుగుకు పడే బరువు ఒకటే అయినా, ఆరడుగుల దూలం కంటే తొమ్మిదడుగుల దూలం ఐదు రెట్లు వంగుతుంది. పై దూలం కిందికీ కింది దూలం పైకీ వంగితే మధ్యలో పడుగు వదులవుతుంది, అంచుల్లో మాత్రం బిర్రుగా ఉంటుంది. నేసేటప్పుడు వరసలు వంపు తిరుగుతాయి. అసలు బాధ తివాచీని మగ్గం నుంచి కోసి దించాక మొదలవుతుంది. బిర్రుగా ఉన్న అంచులు ఎక్కువ ముడుచుకుంటాయి, మధ్య భాగం నేల మీద ఉబ్బుతుంది. తడిపి, చట్రానికి లాగి మేకులు కొట్టి ఆరబెడితే కొంత సర్దుకుంటుంది. కొనేవాడి కంటికి మాత్రం ఆ ఉబ్బు కనిపిస్తూనే ఉంటుంది. నెలల తరబడి నలుగురు కూర్చుని వేసిన ముడులకు ధర తగ్గేది అక్కడే. నేసినవాళ్ళ తప్పేమీ లేకుండా వాళ్ళ కూలికి కోత పడటం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఈ మార్పులకు పూనుకున్నది ఆ కోపంతోనే.

పైపు కొనేటప్పుడు చాలామంది "ఇనుము ఇనుమే కదా" అనుకుని సన్నపైపు తీసుకుంటారు. అది డబ్బు దండగ. స్టీలు టేకు కంటే పదిహేను ఇరవై రెట్లు గట్టిదన్న మాట నిజమే, కానీ పైపు లోపల బోలు. నాలుగు అంగుళాల వ్యాసం, ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్న పైపు కంటే ఎనిమిది అంగుళాల గట్టి టేకు దూలమే తక్కువ వంగుతుంది, అదీ సగం కంటే తక్కువ. ఆరంగుళాల పైపు అయితే అంతే లావున్న టేకు కంటే దాదాపు నాలుగు రెట్లు గట్టిగా నిలబడుతుంది. మందం పెంచడం కంటే వ్యాసం పెంచడమే లాభం. బరువూ తక్కువ పడుతుంది, ధరా తక్కువ. మేము ఆరంగుళాలది వేయించాం. తొమ్మిదడుగుల మగ్గం మీద దారం కట్టి చూస్తే వంపు రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. అప్పటి నుంచి ఆ మగ్గం మీద దిగిన తివాచీల్లో మధ్య ఉబ్బు పోయింది. వానాకాలంలో ఇంకో మేలు కనిపించింది. కొల్లేరు దగ్గరుండే మా ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ, టేకు దూలం ఉబ్బి దాని గుంటలో బిగుసుకుపోయేది, తిప్పడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ గొడవ లేదు.

తిప్పే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మగ్గాలు తయారు చేసేవాళ్ళు ఎక్కువగా అమ్మేది పళ్ళచక్రమూ దాన్ని ఆపే కొక్కెమూ ఉన్న రకమే. చవక, రిపేరు తేలిక. మా చిన్న మగ్గానికి ఇప్పటికీ అదే ఉంది. దాంతో చిక్కు ఏమిటంటే, 24 పళ్ళ చక్రమైతే ఒక్కో పన్నుకు దూలం 15 డిగ్రీలు తిరుగుతుంది. ఆరంగుళాల దూలం చుట్టుకొలత దాదాపు 19 అంగుళాలు, అంటే ఒక పన్నుకు ముప్పావు అంగుళం పైనే పడుగు లాగుతుంది. మనకు కావాల్సింది దానిలో పావో సగమో. ఒక పన్ను వెనక్కి ఉంచితే పడుగు వదులు, ముందుకు వేస్తే పోగులు తెగేంత టెన్షన్. మధ్య మార్గం లేదు. పైగా కొక్కెం జారితే దూలాన్ని తిప్పే కడ్డీ ఎదురుతన్నుతుంది. మగ్గం పనిలో నేను నిజంగా భయపడేది దానికే. పిల్లలు తిరిగే ఇళ్ళలో ఈ రకం పెట్టుకుంటే కొక్కేనికి రెండో తాళం తప్పకుండా వేయించుకోండి.

వార్మ్ గేరు అంటే మరలు తీసిన కడ్డీ (వార్ము) తిరుగుతూ పళ్ళచక్రాన్ని నెమ్మదిగా తిప్పే అమరిక. అది ఈ చిక్కును తీరుస్తుంది. మాది 40కి 1, అంటే పిడి 40 చుట్లు తిప్పితే దూలం ఒక చుట్టు తిరుగుతుంది. పిడి ఒక చుట్టు తిప్పితే దూలం 9 డిగ్రీలు తిరుగుతుంది, పడుగు అర అంగుళం లోపే కదులుతుంది. పావు చుట్టు తిప్పితే అంగుళంలో ఎనిమిదో వంతు. చేత్తో పోగుల మీద తట్టి వింటూ, చాలు అనిపించిన చోట ఆపేయొచ్చు. పిడి వదిలేసినా దూలం వెనక్కి తిరగదు, ఎందుకంటే ఒంటి మర వార్మును చక్రం వెనక్కి తోయలేదు. మా అత్తగారికి డెబ్బై దాటాయి. పాత మగ్గం బిగించడానికి ఆవిడ మగవాళ్ళను పిలిచి వాళ్ళ కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడు ఆవిడే తిప్పుకుంటున్నారు. ఈ మార్పు మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

గేర్లు రెండు పక్కలా పెట్టించాలా అని అడుగుతుంటారు. చెక్క దూలమైతే మెలి తిరుగుతుంది కాబట్టి రెండు వైపులా పట్టు కావాలి. గుండ్రటి స్టీలు పైపు ఈ బరువుకు కంటికి కనిపించేంత మెలి తిరగదు. ఒక్కో దూలానికి ఒక పక్క గేరు చాలు. గేరు పంపినవాళ్ళు మాకు దూలానికి రెండేసి గేర్లు రాశారు, మా లేతు అబ్బాయే ఆపాడు. "అక్కా, రెండు పెడితే రెండూ ఒకేలా తిప్పాలి, లేకపోతే ఒకదాంతో ఒకటి కొట్లాడుకుంటాయి" అన్నాడు. ఆ మిగిలిన డబ్బుతో గన్‌మెటల్ (ఒక రకం కంచు) చక్రం వేయించాం. ముందు వచ్చిన పోత ఇనుప చక్రం పళ్ళు రెండో వానాకాలానికే అరిగాయి. గేరు కొనేటప్పుడు చక్రం దేనితో చేశారో అడగండి. స్టీలు వార్ముకు గన్‌మెటల్ చక్రం జోడీ. అరిగేది చక్రమే, దాన్ని విడిగా మార్చుకునేలా బోల్టులతో బిగించి ఉండాలి. వెల్డు చేసి ఇస్తే తీసుకోవద్దు.

బేరింగుల విషయంలో నా అభిప్రాయం అమ్మేవాళ్ళకు నచ్చకపోవచ్చు. బాల్ బేరింగులు ఈ పనికి అక్కర్లేదు. దూలం రోజుకు ఒకసారి, అదీ కొద్దిగా, తిరుగుతుంది. ఉన్ని నలుసు గాల్లో ఎప్పుడూ ఉంటుంది. అది గ్రీజుకు అంటుకుని బేరింగు చుట్టూ గట్టిపడుతుంది. గన్‌మెటల్ బుష్షు (దూలం కొస తిరిగే గొట్టం లాంటి తొడుగు), పైన నూనె చుక్క వేసే చిన్న కన్నం, దానికి మూత, అంతే చాలు. నూనె ఎంత తక్కువ వేస్తే అంత మంచిది. గేరు కింద తప్పకుండా రేకు తొట్టి పెట్టించండి. తెల్ల ఉన్ని మీద గ్రీజు మరక పడితే దాన్ని పోగొట్టడం మా వల్ల కాలేదు, ఆ ముడులు ఊడదీసి మళ్ళీ వేయాల్సి వచ్చింది.

ఇనుప దూలంతో వచ్చే ఇబ్బందులు లేకపోలేదు. పైపు నున్నగా ఉంటుంది, చెక్క పట్టినట్టు పడుగును పట్టదు. దూలం పొడవునా గాడి తీయించి, పడుగు చివరలు తొడిగిన ఇనుప కడ్డీని అందులో కూర్చోబెట్టాలి. ఈ గాడి అంచులు నున్నగా అరగదీయకపోతే నూలు అక్కడే తెగుతుంది. వచ్చినవాటిలో ఒక పైపు గాడి బ్లేడులా ఉంది, ఆకురాయి పట్టి మేమే సరిచేసుకున్నాం. రెండోది తుప్పు. రంగు వేసిన పైపైనా పడుగు రాపిడికి రంగు లేచిపోతుంది, వానల్లో పడుగు మీద గోధుమరంగు గీతలు పడతాయి. పైపు చుట్టూ మందపాటి కాన్వాసు గుడ్డ కుట్టి తొడిగాక ఆ బెడద తగ్గింది. ఆ గుడ్డను ఏడాదికోసారి మార్చాలి.

పడుగు పోగులను ముందూ వెనకా విడదీసే కర్రను తిప్పడానికి పక్కన ఒక మీట పెట్టారు. పాత పద్ధతిలో ఆ కర్రను చేతులు పైకెత్తి లాగాలి, సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. మీట బాగుంది. కాకపోతే ఒక చివర కూర్చున్నవాళ్ళకే అందుతుంది, నలుగురు నేసే మగ్గం మీద మిగతా ముగ్గురూ వాళ్ళ మీద ఆధారపడాలి. కలిసి పేక దాటించే అలవాటున్నవాళ్ళకు ఇది అడ్డం కాదు.

వరస మొత్తాన్ని ఒకేసారి కొట్టే పొడుగాటి పంజా పట్టీని మాత్రం ఎవరికీ కొనమని చెప్పను. దాన్ని కొన్ని వారాలు వాడి తీసేశాం. నలుగురి చేతులు నాలుగు రకాలు, ఒకరి ముడి కొంచెం వదులు, ఇంకొకరిది బిగువు. ఎక్కడ ఎంత దెబ్బ వేయాలో చేతిలోని పంజాకే తెలుస్తుంది. పట్టీ అందరికీ ఒకటే దెబ్బ వేస్తుంది. దానికి పెట్టే డబ్బుతో పళ్ళ చివరలు బాగా నునుపు చేసిన నాలుగు మంచి చేతి పంజాలు కొనుక్కోండి.

ఎత్తు మార్చుకునే బల్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పడుగును చట్రానికి కదలకుండా కట్టే పాత మగ్గంలో నేత పైకి పోయేకొద్దీ కూర్చునే పలక కూడా పైకి జరపాలి. దూలానికి చుట్టుకునే మగ్గంలో నేసే గీత ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది, కాబట్టి బల్లను మనిషికి తగ్గట్టు సర్దుకుంటే చాలు. మాది మర తిప్పితే లేచే రకం. కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోవచ్చు. గొంతుక్కూర్చుని ఏళ్ళ తరబడి నేసిన మోకాళ్ళకు ఇది ఎంత ఊరటో నేసేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వెనక ఆనుకోవడానికి మాత్రం ఏమీ ఇవ్వలేదు, మేమే పట్టీ కట్టుకున్నాం.

"ఇంత ఖర్చు దేనికి, టఫ్టింగ్ గన్ కొనుక్కోవచ్చు కదా" అని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. గన్‌తో గుడ్డలోకి ఉన్నిని గుచ్చి, వెనక లేటెక్సు జిగురు పూసి, ఇంకో గుడ్డ అంటిస్తారు. పని చాలా వేగం, దాన్ని తక్కువ చేయను. కానీ అందులో ముడి ఉండదు. ఆ జిగురు కొన్నేళ్లకు పొడిబారి రాలుతుంది. ముడులు వేసిన తివాచీ తరాలు నిలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని భదోహీలోనూ కశ్మీరులోనూ మగ్గాలను ఇనుముకు మార్చే ప్రయత్నాలు జరిగాయి. అక్కడా ముడి చేత్తోనే వేస్తున్నారు. నాకు అదే సరైన దారి అనిపిస్తుంది.

మార్పించుకోవాలనుకునేవాళ్ళకు నా సలహా ఇది. నాలుగడుగుల లోపు మగ్గమైతే మీ టేకు దూలాలు ఉంచుకోండి, వంపు పెద్దగా రాదు. గేరు ఒక్కటి మార్పించండి. ఆరడుగులు దాటితే ముందు దూలాలు, తర్వాత గేరు. ఒకేసారి అన్నీ చేయించలేకపోతే కింది దూలంతో మొదలుపెట్టండి, నేసినదంతా దాని మీదే చుట్టుకుంటుంది. భాగాలు ఎక్కడ కొన్నా, అవి విప్పి మీ ఊరి లేతు షాపులో మళ్ళీ చేయించుకోగలిగేవో లేదో ముందే చూసుకోండి. మాకు గేరు పంపినవాళ్ళు విడి చక్రం కోసం రెండు నెలలు తిప్పించుకున్నారు, మగ్గం మీద సగం నేసిన తివాచీ అన్నాళ్ళూ అలాగే వేలాడింది. చివరికి ఊళ్ళోనే నమూనా ఇచ్చి పోత పోయించాం. ఇప్పుడు షెడ్డులో ఒక చక్రం అదనంగా ఉంచుకుంటున్నాం. ఈ వానలు తగ్గాక మూడో మగ్గానికి కూడా పైపు దూలాలు చెప్పబోతున్నాం, ఈసారి గాడి అంచులు గుండ్రంగా తీసి పంపమని ఆర్డరులోనే రాయిస్తున్నాను.