కస్టమ్ స్టిక్కర్లకి డబ్బు వేసే ముందు ఇది చదవండి

పార్సిల్ విప్పి గంట కూడా కాలేదు. కోపం చల్లారితే పోనీలే అని వదిలేస్తాను, అప్పుడు ఇంకొకరు బలవుతారు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఎవరి గురించో లెగో బ్రిక్కులతో, అంటే ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ ముక్కలతో, బొమ్మలు కట్టేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మన డిజైన్ పంపితే లెగో సైజుకి సరిగ్గా ప్రింట్ చేసిస్తానంటాడే, ఆయనే. మా అబ్బాయి ముదురు నీలం బ్రిక్కులతో రైలు పెట్టె కట్టాడు. దాని పక్కగోడ మీద వాడు పెట్టుకున్న పేరు పసుపు అక్షరాల్లో రావాలి. అంతే నేనడిగింది.

కొలతలు నేను ఊరికే వేయలేదు. బ్రిక్కు పైన గుండ్రంగా ఉబ్బి ఉంటాయే, ఆ బొడిపెల్లో ఒకదాని మధ్య నుంచి పక్కదాని మధ్యకి 8 మి.మీ. నాలుగు బొడిపెల బ్రిక్కు 32 ఉండదు, పక్కదానితో బిగుసుకోకుండా సందు వదులుతారు కాబట్టి 31.8. ఎత్తు 9.6. ఇవన్నీ లెక్క చూసుకుని 16 బొడిపెల గోడకి 127 మి.మీ. పట్టీ గీశాను. రేపు వాడు రైలు విప్పినా స్టిక్కరు చిరగకూడదని, బ్రిక్కుల అతుకులు వచ్చేచోట కోసుకోవడానికి అక్షరాల మధ్య ఖాళీలు వదిలాను. షీటు మూలన ఒక గీత గీసి, పక్కనే ‘ఇది 100 మి.మీ. రావాలి’ అని కూడా రాశాను. పీడీఎఫ్ పంపితే ‘ఎగ్జాక్ట్ సైజే వస్తుందండీ, మాకు రోజూ ఉండే పనే’ అన్నాడు. ఆ ఒక్క మాట నమ్మి డబ్బు మొత్తం ముందే వేసేశాను. బుద్ధి ఉండాలి నాకు.

ఇవాళ వచ్చింది. మా అబ్బాయే పట్టీ తీసుకుని గోడకి ఒక చివర నుంచి ఆనించి చూశాడు. ‘అమ్మా, ఒక బొడిపె మిగిలిపోయింది’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆ మూలనున్న గీత మీద స్కేలు పెట్టాను. 94. నేను రాసిన ‘100 మి.మీ. రావాలి’ అన్న అక్షరాలు దాని పక్కనే శుభ్రంగా ప్రింటయ్యి ఉన్నాయి! ఫైలు తెరిచి, కాగితానికి తగ్గట్టు సైజు మార్చేసే ‘ఫిట్ టు పేజ్’ సెట్టింగు మీద ప్రింట్ కొట్టేసినట్టుంది, మొత్తం షీటు కుంచించుకుపోయింది. కోయాల్సిన అతుకులు ఇప్పుడు సరిగ్గా అక్షరాల మీదికి వస్తున్నాయి. పైగా బ్రిక్కు రంగు పైకి కనబడకుండా అడుగున వేసే తెల్ల ఇంకు వేయలేదు, పారదర్శకంగా ఉన్న షీటు మీద పసుపు మాత్రం వేశాడు. నీలం బ్రిక్కు మీద పెడితే పేరే కనబడటం లేదు.

తప్పు ఎవరికైనా జరుగుతుంది. నన్ను మండించింది ఆ తర్వాతి మాట. స్కేలు పెట్టి తీసిన ఫోటో పంపి, మళ్లీ ప్రింట్ చేసివ్వండి అని మర్యాదగానే అడిగాను. ‘బొమ్మలకి అతికించే స్టిక్కరుని స్కేలు పెట్టి కొలుస్తారా మేడమ్? అంత పర్‌ఫెక్ట్‌గా కావాలంటే మీరే ప్రింట్ చేసుకోండి. కస్టమ్ పనికి రిఫండ్ ఉండదు’ అని జవాబు. ఇంకో మాట టైప్ చేసేలోపే బ్లాక్ చేశాడు. కొలత కోసమే కదయ్యా నీకు డబ్బిచ్చింది! పిల్లవాడు పక్కనే నిలబడి అదంతా చదివాడు. ‘పేరు లేకపోయినా పర్వాలేదులే అమ్మా’ అంటున్నాడు. అది వింటుంటే నాకు ఇంకా బాధగా ఉంది.

ముందు ఒక్క షీటు శాంపిల్ అడిగి, గీత పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపమని ఉంటే అప్పుడే తేలిపోయేది. నేను అడగలేదు, మీరు అడగండి. ముదురు రంగు బ్రిక్కులైతే తెల్ల ఇంకు వేస్తారో లేదో డబ్బు వేయకముందే రాతలో చెప్పించుకోండి, మామూలు ప్రింటర్లలో తెలుపు ఉండదు. ఇంట్లో ప్రింట్ తీసేవాళ్లు ‘యాక్చువల్ సైజ్’ పెట్టి, తెల్ల కాగితం మీద ఒకటి తీసి బ్రిక్కుకి ఆనించి చూశాకే స్టిక్కరు షీటు పెట్టండి. నేనూ ఈ రాత్రికి అదే చేయబోతున్నా.