అణువుల మోడల్ కిట్: 5కి 3 స్టార్లు

మా అమ్మాయి పదో తరగతి. కెమిస్ట్రీలో సమీకరణాలు బ్యాలెన్స్ చేయడం, అంటే రెండు పక్కలా ఒక్కో రకం పరమాణువుల లెక్క సమానం చేయడం దగ్గరే బండి ఆగిపోయింది. నాది తెనాలిలో మెడికల్ షాపు, రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరను. ఏదో ఒకటి చేద్దామని ఆన్‌లైన్‌లో ఈ కిట్ తెప్పించాను. 450 రూపాయలు.

డబ్బాలో ప్లాస్టిక్ బంతులు, వాటిని కలిపే పుల్లలు. నల్లవి కార్బన్, తెల్లవి హైడ్రోజన్, ఎర్రవి ఆక్సిజన్, నీలంవి నైట్రోజన్. ఈ రంగులు ఇప్పటివి కావు. 1865లోనే హాఫ్‌మన్ అనే కెమిస్ట్రీ ఆయన లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రోకే ఆట (సుత్తి లాంటి కర్రతో బంతులు కొట్టే ఆట) బంతులకు ఇవే రంగులు వేసి అణువులు చూపించాడు. హైడ్రోజన్‌కి ఒక చిల్లు, ఆక్సిజన్‌కి రెండు, నైట్రోజన్‌కి మూడు, కార్బన్‌కి నాలుగు.

మొదటి రోజు నీళ్లు చేశాం. రెండు తెల్లవి కలిపితే హైడ్రోజన్ అణువు, రెండు ఎర్రవి కలిపితే ఆక్సిజన్. విడదీసి హెచ్‌టూఓ కట్టింది. చేతిలో ఒక ఎర్ర బంతి మిగిలింది. పిల్ల ఊరుకుంటుందా? పుల్ల పీకి ఆ బంతిని మధ్యలో ఇరికించింది. చక్కగా పట్టింది! "నాన్నా, రెండు పక్కలా సరిపోయింది చూడు" అంది. పరీక్షలో చేస్తున్న తప్పు కూడా అదే: ఫార్ములా ముందు గుణకం (ఎన్ని అణువులో చెప్పే అంకె) పెట్టకుండా లోపల కింద ఉన్న అంకెను మార్చేయడం. మర్నాడు షాపు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తెచ్చి ముందు పెట్టాను. "నువ్వు కట్టింది ఇదీ. పుండు కడిగేది. దాహమేస్తే తాగుతావా?" అప్పుడు ఇంకో హైడ్రోజన్ జత అడిగింది, రెండు నీళ్లు కట్టింది. మళ్లీ ఆ తప్పు చేయలేదు. కాబట్టి డబ్బా పిల్లల చేతికిచ్చి వదిలేస్తే పని జరగదు. తప్పు అణువునీ అది అంతే బాగా కడుతుంది. పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.

అమ్మోనియా అరగంటలో అయింది. నీలంవి రెండే ఇచ్చారు, సరిగ్గా సరిపోయాయి. మీథేన్ మండటం కూడా సరే.

ఇక లోపాలు. జంట బంధాలకు (రెండు బంతుల మధ్య రెండు పుల్లలు పెట్టే చోట) ఇచ్చిన వంగే పుల్లలు మరీ గట్టివి, వారంలో రెండు విరిగాయి. మార్చి ఇమ్మని అమ్మినవాళ్లకు రాస్తే ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. ఇనుము, అల్యూమినియం లాంటి లోహాల బంతులు అసలు లేవు. పాఠంలో తుప్పు పట్టడం, ఇనుము మీద నీటి ఆవిరి చర్య లాంటివి వస్తే చొక్కా గుండీలతో నడిపించాం.

ఎర్రవి ఆరే ఇవ్వడం అన్నిటికన్నా చిరాకు. వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్ బ్యాలెన్స్ చేద్దామంది. రెండు బ్యూటేన్లకు పదమూడు ఆక్సిజన్ అణువులు కావాలి. అటు ఎనిమిది కార్బన్ డయాక్సైడ్లు, పది నీళ్లు. అంటే ఎర్రవే 26! కిట్ పక్కన పెట్టి వంటింట్లో కూర్చున్నాం. మినుములు కార్బన్, బొరుగులు హైడ్రోజన్, వేరుశనగ గింజలు ఆక్సిజన్. అంతా పేర్చి కుడివైపు లెక్కపెడితే ఆక్సిజన్లు 25 వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాం. చూస్తే మా చిన్నోడు పక్కన కూర్చుని నములుతున్నాడు.