షాలే వుడ్ బ్లూబెల్స్: పూలకంటే ముందు ఆ దుంగల బాటకే మార్కులు

లండన్‌లో పిల్లలతో బ్లూబెల్స్ (వసంతంలో అడవి నేలంతా పరుచుకునే నీలి పూలు) చూడటానికి ఎక్కడికెళ్లాలని అడిగితే, కొన్ని వసంతాలు చూశాక ఇప్పటికీ తూర్పు లండన్ వాన్‌స్టెడ్ పార్క్‌లోని షాలే వుడ్ పేరే ముందు చెబుతాను. పూలు మిగతా అడవుల్లోనూ ఉంటాయి. ఇక్కడ కాలిబాట పొడవునా అంచుల్లో దుంగలు పరిచారు, అదీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు.

"పూలు తొక్కొద్దు" అంటే నాలుగేళ్ల పిల్లకు అర్థం కాదు, కాళ్ల కిందా పూలే కదా! "దుంగ దాటొద్దు" అంటే వెంటనే అర్థమవుతుంది. నిజానికి కాపాడాల్సింది పువ్వుకంటే ఆకును. పైన చెట్లు చిగురించి నీడ కమ్మేలోపే, ఆ కొద్ది వారాల్లోనే ఆకు ఏడాదికి సరిపడా తిండి చేసి మట్టి కిందున్న గడ్డలో దాచాలి. ఆకు నలిగితే గడ్డ బక్కచిక్కుతుంది. తొక్కిడికి మట్టి కూడా గట్టిపడితే ఆ చోటు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఫొటో కోసం పూలలోకి దిగే పనే లేదు. బాట వంపు తిరిగేచోట పిల్లల్ని నిలబెట్టండి. మీరు ఏడెనిమిది అడుగులు వెనక్కొచ్చి, ఫోన్‌ను మోకాలి ఎత్తుకు దించి 2x జూమ్ పెట్టండి. ముందున్న పూలు బాటను కప్పేస్తాయి, పిల్లలు పూల మధ్యలో ఉన్నట్టే వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం రంగు వెలిసిపోతుంది. మబ్బు పట్టిన పొద్దున్నే అసలు నీలం కనిపిస్తుంది.

అయితే ఆ దుంగలు కూడా పుచ్చి మట్టిలో కలిసిపోతుంటాయి. అంచు చెరిగినచోట ఒకరు ఫొటోకి అడుగు వేస్తే, ఇంకొకరు అదే బాట అనుకుని వెళ్తారు. వారాంతం మధ్యాహ్నానికి కొత్త దారి తయారు. అందుకే మామూలు రోజున, లేదంటే పది గంటల లోపు వెళ్లండి. వాన పడితే బురద. ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్లే బగ్గీ అయితే ఎదురొచ్చేవాళ్లకు దారివ్వడానికి కుదరదు, పసివాళ్లను ఎత్తుకునే క్యారియర్‌లో వేసుకోవడమే మేలు.

ఏప్రిల్ మూడో వారం నుంచి మే మొదటి వారం వరకు సాధారణంగా బాగుంటుంది, చలి ఎక్కువైన ఏడు కాస్త వెనకబడుతుంది. టికెట్ లేదు. వాన్‌స్టెడ్ ట్యూబ్ స్టేషన్ నుంచి పిల్లల నడకతో అరగంట వేసుకోండి. మొక్క మొత్తం విషమే కాబట్టి ముట్టుకుంటే చేతులు కడిగాకే చిరుతిండి.

ఈస్ట్ హామ్, ఇల్‌ఫర్డ్ వైపు మనవాళ్లకు ఇది సగం పూట పని. పశ్చిమాన హౌన్స్‌లో (Hounslow) నుంచైతే దీనికోసమే ఇంత దూరం రమ్మనను. టికెట్ పెట్టాల్సొచ్చినా క్యూ గార్డెన్స్ (Kew) అనే పెద్ద వృక్షోద్యానంలో క్వీన్ షార్లెట్ కాటేజ్ చుట్టూ ఉన్న బ్లూబెల్స్ మీకు దగ్గర.