శుక్లాల ఆపరేషన్‌కి 10-0 నైలాన్ దారం: సూది భేష్, ముడి దగ్గరే జాగ్రత్త

కోఠి సర్జికల్ షాపుల్లో అడిగితే ఇచ్చే 10-0 (చాలా సన్నని సైజు) నల్ల నైలాన్, 6 మి.మీ. స్పాచులా (చదునైన) సూది ప్యాకెట్ సంగతి ఇది. ఫేకోలో (శుక్లాన్ని అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో ముక్కలు చేసి తీసే పద్ధతి) 2.2–2.8 మి.మీ. కోతకు చాలాసార్లు అంచుల్లోకి సెలైన్ ఎక్కించి ఉబ్బిస్తే చాలు. ప్రోబ్ వేడికి కోత కాలినా, సాగినా, సైడల్ పరీక్షలో (కంటిలో రంగు వేసి లీకు చూడటం) నీరు కారినా ఈ దారమే దిక్కు.

సూదికి పదును పక్కల్లో ఉంటుంది. అందుకే కార్నియా (కంటి ముందుండే పారదర్శక భాగం) పొరల మధ్య చదునుగా జారుతుంది, చటుక్కున లోపలికి దిగబడదు. దాన్ని మొన దగ్గర పట్టుకుంటే మాత్రం మొద్దుబారుతుంది. కుట్టు కార్నియా మందంలో మూడింట రెండొంతులకు తగ్గకుండా, రెండు అంచుల్లోనూ ఒకే లోతున వెళ్లాలి. తేడా వస్తే అంచు మెట్టులా లేస్తుంది.

ముడి 3-1-1: మొదట మూడు చుట్లు, తర్వాత ఒకటి, మళ్లీ ఒకటి. నైలాన్ జారుడు దారం, మొదటి మూడు చుట్లే బిగువు నిలుపుతాయి. అతిగా లాగితే ఆ దిశలో కార్నియా వంపు పెరిగి సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజం) వస్తుంది. అంచులు కలిస్తే చాలు, ఆపేయండి. చివర్లు పొట్టిగా కత్తిరించి ముడిని కణజాలంలోకి తిప్పాలి, లేకపోతే కన్ను గరగరలాడుతుంది.

అసలు లోపం దారం సన్నదనమే: ఫోర్సెప్స్ గట్టిగా నొక్కితే తెగుతుంది. త్వరగా కరగదు కూడా. వదులైన కుట్టుకు పుసి పట్టి ఇన్ఫెక్షన్ రావచ్చు, కనబడగానే తీసేయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు మేక కళ్ల మీద చెయ్యి తిప్పుకోవడం మంచిది.