పదో తరగతి తర్వాత ఏ గ్రూపు? డబ్బిచ్చి అడగడం మేలా, బడిలో వినడం మేలా?

మా అమ్మాయి చెన్నైలో సీబీఎస్‌ఈ బడిలో పదో తరగతి చదువుతోంది. పదకొండులో ఏ గ్రూపు తీసుకోవాలో ఇంట్లో తేలక ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకెళ్లాను. రెండు గంటల పరీక్ష పెట్టి, నలభై పేజీల నివేదిక చేతిలో పెట్టారు. రంగురంగుల పటాల మధ్య 'సృజనాత్మకత ఎక్కువ, నాయకత్వ లక్షణాలున్నాయి' అని ఉంది. ఆ మాట వాళ్ల అమ్మమ్మ రోజూ ఉచితంగానే చెబుతుంది.

అదే వారం మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర అసలు విషయం తెలిసింది. నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. అబ్బాయి ప్రభుత్వ బడిలో పదకొండో తరగతి. చీర మడత పెడుతూనే కటాఫ్ లెక్క, అంటే ఇంజనీరింగ్ సీటు తేల్చే మార్కుల లెక్క, అప్పజెప్పాడు: లెక్కల మార్కులు నూటికి ఉన్నవి ఉన్నట్టు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులు సగం చేసి కలపాలి, మొత్తం 200కు. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వేరే ప్రవేశ పరీక్ష లేదు, పన్నెండో తరగతి మార్కులే ఆధారం. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివినవారికి 7.5 శాతం సీట్లు విడిగా ఉంటాయని, వాళ్ల ఫీజు ప్రభుత్వమే కడుతుందని కూడా చెప్పాడు.

"ఇవన్నీ ఎవరు చెప్పారు బాబూ?"

"బడిలో సార్ చెప్పారమ్మా."

ఇక్కడి ప్రభుత్వం 2022 మార్చిలో 'నాన్ ముదల్వన్' (నేనే మొదటివాణ్ణి) అనే పథకం మొదలుపెట్టింది. ప్రభుత్వ బడుల్లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా పిల్లలకు చదువుల దారులు చెప్పడం అందులో ఒక భాగం. పన్నెండు పూర్తిచేసినవారికి పై చదువుల గురించి చెప్పే 'కల్లూరి కనవు' (కాలేజీ కల) సభలున్నాయి.

నా నలభై పేజీల్లో కటాఫ్ అనే మాటే లేదు. లెక్కలు వదిలేస్తే ఏ తలుపు మూసుకుంటుందో లేదు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడు కూతురి కోసం ఇలాంటి నివేదికే కొన్నాడు. అక్కడ ఇంజనీరింగ్ ర్యాంకుకు పీయూసీ (మన ఇంటర్) మార్కులు సగం, సీఈటీ అనే ప్రవేశ పరీక్ష మార్కులు సగం. ఆ ముక్క అందులోనూ లేదు.

అలాగని కేంద్రానికి పోసిన డబ్బంతా బూడిదపాలు కాలేదు. కౌన్సెలర్ నన్ను బయట కూర్చోబెట్టి పిల్లతో నలభై నిమిషాలు ఒంటరిగా మాట్లాడింది. బయాలజీ తనకిష్టం లేదని, నా కోసమే సరేనన్నానని అమ్మాయి అక్కడ చెప్పింది. ఇంట్లో పదేళ్లు అడిగినా చెప్పేది కాదేమో. తరగతి మొత్తానికి కలిపి చెప్పే పాఠంలో ఈ మాట బయటికి రాదు.

కాబట్టి డబ్బు పెడితే ఆ ఏకాంత సంభాషణకే పెట్టండి. పరీక్ష కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ, సీబీఎస్‌ఈ కలిసి తొమ్మిది, పది తరగతులకు తయారుచేసిన 'తమన్నా' ఉంది. ఉచితం. భాష, లెక్కలు, యాంత్రిక తర్కం వంటి ఏడు అంశాల్లో పిల్లల మొగ్గు ఎటో చూపిస్తుంది, పాస్ ఫెయిల్ ఉండవు. వేలిముద్రలు చూసి భవిష్యత్తు చెబుతామంటే మాత్రం లేచి వచ్చేయండి. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. హస్తసాముద్రికమే అనుకుంటే చిలక జోస్యం ఇంకా చవక.

అమ్మాయి లెక్కలు, కంప్యూటర్ సైన్స్ గ్రూపు అంటోంది. నిన్న బట్టలు తేవడానికి తనే వెళ్లి, కటాఫ్ లెక్క ఇస్త్రీ చీటీ వెనకాల రాయించుకొచ్చింది.